బేస్ గిటార్ నెక్‌కి ఎల్‌ఈడీ డాట్లు పెట్టిస్తున్నారా? అడ్వాన్స్ కట్టకముందే చదవండి

నెక్‌లో (వేళ్ళు పెట్టి వాయించే పొడుగాటి మెడ భాగం) ఈ వెలిగే చుక్కలు పెట్టే ఒకాయన గురించి ఇది. పేరు చెప్పక్కర్లేదు, బేస్ వాళ్ళలో సగం మంది నెక్‌లు ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాయి. ఇంకా డబ్బు కట్టనివాళ్ళ కోసం ఇది.

నా నెక్ వచ్చిన రోజు డాట్లన్నీ వెలిగాయి. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు చుట్టు తిప్పగానే 3, 5, 7 ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు పట్టీల) దగ్గరివి ఆరిపోయాయి, మిగిలినవి ఇంకా గట్టిగా వెలిగాయి. అంటే మొత్తం తొమ్మిదింటికీ కలిపి పెట్టింది కరెంటుని అదుపు చేసే రెసిస్టర్ ఒక్కటే! నెక్ విప్పి చూస్తే వైర్లు ట్రస్ రాడ్ గాడిలోంచే వస్తున్నాయి. బిగించినప్పుడల్లా రాడ్ అక్కడ కదులుతుంది. సన్నటి ఎనామిల్ వైరు తెగక ఏమవుతుంది?

ఫోన్ చేస్తే ఆయనన్న మాట: "బేస్ చెవితో వాయించాలి బ్రదర్. చూసి వాయించేవాళ్ళకి మేం గ్యారంటీ ఇవ్వం." డబ్బు తీసుకున్నదే కనబడటానికి! స్టేజీ మీద లైట్లు తీసేస్తే నెక్ పక్కనుండే మామూలు చుక్కలు కనబడవనే కదా ఎవరైనా ఇవి పెట్టించుకునేది. అలెంబిక్ అనే గిటార్ కంపెనీ వాళ్ళు 1970ల నుంచీ బేస్‌లకి పెడుతున్న పని ఇది. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో!

పైగా రిపేరు తేలిక కాదు. ఫింగర్‌బోర్డ్‌ని (నెక్ పైన అతికించే, ఫ్రెట్లుండే చెక్క) వేడిచేసి ఊడదీయాలి. ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి ఉంటే మరీ కష్టం, చెక్క చీలొచ్చు.

సరైన పని ఇలా ఉంటుంది. ఫింగర్‌బోర్డ్ అతికించకముందే రాడ్‌కి దూరంగా, అంచు వైపు వైర్లకి వేరే సన్న గాడి తీయాలి. ప్రతి ఎల్‌ఈడీకి దాని రెసిస్టర్ దానికే ఉండాలి. 9 వోల్ట్ బ్యాటరీ మీద నీలం, తెలుపు రంగులవి ఒక్కోటి సుమారు 3 వోల్టులు తీసుకుంటాయి కాబట్టి 3.3 కిలో ఓమ్ పెడితే 2 మిల్లీ ఆంపియర్ల లోపే వెళ్తుంది, చీకట్లో ఆ వెలుగు చాలు. మూడింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపితే బ్యాటరీ కొత్తదైనా రెసిస్టర్‌కి ఏమీ మిగలదు. బోల్ట్ ఆన్ నెక్ (స్క్రూలతో బిగించేది) అయితే నెక్ బాడీలో కూర్చునే గుంటలో విప్పుకోడానికి వీలైన చిన్న కనెక్టర్ తప్పనిసరి. అతికించే ముందు అన్నీ వెలిగించి చూడాలి.

వెలుగు తగ్గించే డిమ్మర్ ఇస్తానంటే ఒప్పుకోకండి. పీడబ్ల్యూఎం రకమైతే (వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గించేది) దాని కీచుమనే శబ్దం తీగల కింద ఉండే పికప్‌లలోకి ఎక్కి ఆంప్‌లో వినబడొచ్చు.

గాడి, వైర్లు కనబడే ఫోటో అడగండి, ఫింగర్‌బోర్డ్ అతికించకముందే. అది పంపేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి.