ఉలాన్‌బాతర్‌లో విప్పేసిన షాక్ అబ్జార్బర్లు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మా పాత వోల్వో అమెజాన్ కారుకి వేయించిన గ్యాస్ షాక్ అబ్జార్బర్లను (ఆయిల్‌తో పాటు ఒత్తిడి మీద గ్యాస్ నింపినవి) కొత్తలో తెగ మెచ్చుకున్నాను. మేం ఉండేది ఇంగ్లండ్‌లో. స్కాట్లాండ్ కొండదారుల్లో ఎంత మలుపు తిప్పినా బండి ఒరిగేది కాదు. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు, కాకపోతే అది తారు రోడ్డు మాట.

పాత కార్లతో బీజింగ్ నుంచి పారిస్ దాకా సాగే పెకింగ్ టు పారిస్ ర్యాలీకి 2019లో వెళ్లాం. అందులో గోబీ ఎడారి మట్టిదారి ఎక్కాక అసలు సంగతి తెలిసింది. సిమెంటు రేకులు అడ్డంగా పరిచినట్టు దారంతా ముడతలే. గంటల తరబడి పిస్టన్ ఆగకుండా కొట్టుకుంటే లోపలి ఆయిల్ కాగి పల్చబడుతుంది, ఆ తర్వాత సీలు పోతుంది. వెనక ఎడమది మధ్యాహ్నానికే ఆయిల్ కక్కేసింది, సాయంత్రానికి కుడిది. ఇక బండి వెనక భాగం ఒకటే గెంతులు. పక్కన కూర్చున్న మా బావకి రోడ్‌బుక్‌లో, అంటే మలుపులూ దూరాలూ రాసిన దారి పుస్తకంలో, ఒక్క అంకె నిలకడగా కనబడలేదు. విప్పి ఆయిల్ పోసుకుందామంటే మొత్తం సీలు చేసిన సరుకు. నా కోపం అక్కడే. దారిలో బాగుచేసుకోలేని పార్టును ర్యాలీకని ఎలా అమ్ముతారు?

మర్నాడు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో రెస్ట్ డే. హోటల్ పార్కింగ్‌లో ఏ బండి చూసినా జాకీ మీదే ఉంది. ఆ ఊరి నిండా జపాన్ సెకండ్‌హ్యాండ్ కార్లే, వాటి స్పేర్ పార్టులకు కొదవ లేదు. చచ్చిన షాక్ అబ్జార్బర్‌ను సంచీలో వేసుకుని వెతుక్కుంటూ వెళ్తే ఒక చిన్న షెడ్డులో పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత జీపులవి ఎనిమిదో పదో తెచ్చి నేల మీద వరసగా పెట్టి, ఒక్కొక్కదాన్నీ అరచేతులతో నొక్కుతూ టేపుతో కొలిచాడు. ఒక జత పొడవు కుదిరింది గానీ బోల్టు పట్టే కంత పెద్దది. ఆ కంతలో సరిపోయేలా లేత్ మీద బుష్‌లు (గొట్టం ముక్కలు) చేసి బిగించేసరికి సాయంత్రమైంది. ఇదే దారిలో 1907లో జరిగిన మొదటి పందెంలో ఇటలీ యువరాజు బోర్గీజే నడిపిన ఇటాలా కారు కర్ర చక్రం విరిగితే రష్యా పల్లెలో ఒక వడ్రంగి కొత్తది చేసిచ్చాడట. ఆ రోజంతా నా మనసులో ఆ వడ్రంగే మెదిలాడు.

మధ్యలో ఆ ఊళ్లోని గందాన్ బౌద్ధ మఠం నుంచి బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇరవయ్యారు మీటర్ల విగ్రహం, వచ్చి చూడరా!"

"ఇది బిగిస్తే అదే దర్శనం బావా," అన్నాను. వస్తూ నాకోసం వేడి ఖూషూర్లు కట్టించుకొచ్చాడు, మాంసం పెట్టి నూనెలో వేయించినవి. షెడ్డు వాళ్లిచ్చిన ఉప్పు పాల టీతో తిన్నాం.

ఆ జత పారిస్ దాకా వచ్చింది. యూరప్ హైవేల మీద వేగం పెరిగితే బండి కాస్త ఊగేది, అదీ చెప్పాలి. ఇప్పుడు మళ్లీ గ్యాస్‌వే కొత్త జత వేయించాను. నేను ఆదివారాలు తిప్పేది తారు మీదే, పైగా నాకు నడుం నొప్పి. మాలాగా రెండు స్పేర్ టైర్లు, సామానుతో మంగోలియా వెళ్లేవాళ్లకు మాత్రం ఇవి వద్దనే అంటాను. వేసుకుని వెళ్లక తప్పకపోతే మూసినప్పటి పొడవు, సాగినప్పటి పొడవు, బుష్ కంత సైజు ముందే కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి.