రెబెక్కానా, వెర్టిగోనా? ఒక్క రాత్రే ఖాళీ ఉంటే ఏది మేలు

రెండూ దర్శకుడు హిచ్‌కాక్ తీసిన సినిమాలే, రెండింట్లోనూ పోయిన మనిషిని బతికున్నవాళ్లు వదిలిపెట్టరు. మా అక్క ఓటు రెబెక్కాకి, నాది వెర్టిగోకి. వారం నుంచీ ఇంట్లో ఇదే గొడవ.

రెబెక్కా (1940) మొదటి పది నిమిషాల్లోనే లాగేస్తుంది. భార్య పోయిన ఒక పెద్దింటాయన నోట్లో నాలుక లేని అమ్మాయిని రెండో పెళ్లి చేసుకుని మాండర్లీ అనే బంగళాకి తీసుకొస్తాడు. ఈ పిల్లకి సినిమా మొత్తంలో పేరే లేదు, పోయినావిడ పేరు మాత్రం ఇల్లంతా ఉంటుంది. రెబెక్కాని ఒక్క ఫ్లాష్‌బ్యాక్‌లో కూడా చూపించరు, అయినా ఆవిడే అందరికంటే పెద్ద పాత్ర! హౌస్‌కీపర్ డాన్వర్స్ ఆ పాత పడగ్గది తెరిచి చనిపోయినావిడ బట్టలు ఒక్కొక్కటీ చూపిస్తూ, పల్చటి నైట్‌గౌన్‌లోకి చెయ్యి పెట్టి చెయ్యి ఎలా కనిపిస్తోందో చూడమంటుంది చూశారూ, అక్కడ అక్క దుప్పటి తల మీదికి లాక్కుంది.

కానీ భర్త నిజం చెప్పేశాక కథ విచారణలూ డాక్టర్లూ అంటూ తిరుగుతుంది, నాకైతే అక్కడ పట్టు సడలింది. ఈ సినిమాకి మూలమైన నవలలో ఉన్న నేరాన్ని అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమాల కోసం మెత్తబరిచారు కూడా.

వెర్టిగో (1958) దీనికి పూర్తిగా తలకిందులు. మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో ఒక మాజీ డిటెక్టివ్, ఎత్తులంటే భయం ఉన్నవాడు, స్నేహితుడి భార్య కారు వెనకాల మాటా పలుకూ లేకుండా పోతూనే ఉంటాడు. నేను మొదటిసారి బస్సులో ఫోన్‌లో చూస్తూ నిద్రపోయాను, దాచడమెందుకు. అసలు సినిమా మూడింట రెండొంతులు అయ్యాక మొదలవుతుంది. దీనికి మూలమైన నవలలో చివరిదాకా దాచిన గుట్టుని హిచ్‌కాక్ అక్కడే మనకి చెప్పేస్తాడు, హీరోకి చెప్పడు. ఇక టెన్షనంతా మనదే.

పోయిన ప్రియురాలిలా, అంటే ఆ స్నేహితుడి భార్యలా, ఉన్న ఇంకో అమ్మాయి దొరుకుతుంది వాడికి. అదే బూడిద రంగు సూటు కొనిపిస్తాడు, జుట్టుకి అదే రంగు వేయిస్తాడు. ఆమె హోటల్ గదికి వస్తుంది, అన్నీ కుదిరాయి, జుట్టు మాత్రం ముడి వేసుకోలేదు. అది కూడా వేసుకోమని బతిమాలతాడు. ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కిటికీ బయటి నియాన్ బోర్డు పచ్చటి వెలుగులోంచి దెయ్యంలా నడిచి వస్తుంటే వాడి కళ్లలో నీళ్లు, మనకి వెన్నులో వణుకు.

"ఇది ప్రేమా? పిచ్చి" అంది అక్క. అదే కదా నేను చెప్పేది! మన సినిమాల్లో హీరో ఇలా వెంటపడితే ఓ పాట పెట్టి ఊరుకుంటాం. ఇక్కడ ఆ వెంటపడటం ఎంత అసహ్యంగా ఉంటుందో చూపిస్తూనే, వాడి మీద జాలి కూడా పుట్టిస్తాడు హిచ్‌కాక్.

అందుకే ఇంటిల్లిపాదీ కూర్చుంటే రెబెక్కా పెట్టండి, ఎవరూ లేచి వెళ్లరు. హిందీ అయితే మేలనుకుంటే అదే కథతో 1964లో వచ్చిన కోహ్రా ఉంది, వహీదా రెహ్మాన్‌ది. ఒంటరిగా ఉంటే మాత్రం వెర్టిగోనే. ఫోన్ అవతల పడేసి, లైట్లు ఆర్పి, ఆ గుట్టు బయటపడేదాకా ఓపిక పట్టండి. అక్క ఇంకా ఒప్పుకోలేదు గానీ నిన్న ఆ హోటల్ గది సీన్ మళ్లీ పెట్టమంది.