ఉచితంగా చూసే తోటకు ‘వీఐపీ పాస్’ డబ్బులా? ఢిల్లీ టూర్ బుక్ చేసేవాళ్లు జాగ్రత్త!

ఫిబ్రవరి, మార్చిలో ఢిల్లీ–ఆగ్రా ప్యాకేజీ తీసుకునేవాళ్లు అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ చూడటానికి టికెట్ లేదు. ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. రాష్ట్రపతి భవన్ సొంత వెబ్‌సైట్‌లో వివరాలిచ్చి టైమ్ స్లాట్ ఎంచుకుంటే పాస్ వచ్చేస్తుంది. ఆన్‌లైన్ కుదరనివాళ్లకు నార్త్ ఎవెన్యూ వైపున్న 35వ నంబరు గేటు దగ్గరే కియోస్కులు పెడతారు.

మా దగ్గర మాత్రం హైదరాబాద్ ట్రావెల్ ఏజెంట్ ఒకాయన ‘మొఘల్ గార్డెన్ వీఐపీ ఎంట్రీ’ అంటూ మనిషికి 600 వసూలు చేశాడు. (తోట పేరు 2023 జనవరిలోనే అమృత్ ఉద్యాన్‌గా మారింది. ఆయన బ్రోచర్ మాత్రం మారలేదు.) తీరా చూస్తే ఆ వీఐపీ పాస్ లైన్లో ఉన్న అందరి ఫోన్లలో ఉన్నదే. ప్రింట్ తీసి లామినేషన్ చేయించాడు, అంతే! అప్పటికప్పుడు కియోస్కులో పాస్ తీసుకున్న ఒకావిడ మాకంటే ముందే లోపలికి వెళ్లిపోయింది. ఫోన్ చేసి నిలదీస్తే, “అది టికెట్ డబ్బు కాదు మేడమ్, ప్రాసెసింగ్ చార్జి” అన్నాడు. ఇంకాస్త గట్టిగా అడిగితే గైడ్ ఫీజు అన్నాడు. ఆ గైడేమో బస్సు దిగనే లేదు.

డబ్బు పోతే పోయింది, పూల దగ్గర చేసిన మోసానికే నాకు ఎక్కువ ఒళ్లు మండింది. బ్రోచర్ నిండా ట్యులిప్‌లే. తీసుకెళ్లింది మార్చి ఆఖరి వారం! ట్యులిప్ చలికి పూసే పువ్వు. ఢిల్లీలో ఫిబ్రవరి మధ్యకల్లా కళకళలాడుతుంది, మార్చిలో ఎండ ముదిరేసరికి రాలిపోతుంది. మేం చూసిన మళ్లలో పసుపు తిరిగిన ఆకులు, రేకులు రాలిన బోడి కాడలు తప్ప ఏమీ లేవు. మోకాళ్ల నొప్పులతో పంటి బిగువున నడిచొచ్చిన మా అత్తయ్య బ్రోచర్ ముందుకు చాపి, “ఇవెక్కడ నాయనా?” అని తోటమాలిని తెలుగులోనే అడిగేసింది. ఆయన ఆ మడి వంక చెయ్యి చూపించి “ఖతమ్” అన్నాడు.

అలాగని తోటకు వంక పెట్టను. రాష్ట్రపతి భవన్ కట్టిన బ్రిటిష్ ఆర్కిటెక్ట్ లుట్యెన్స్ ప్లాన్ గీస్తే 1928–29లో మొక్కలు నాటిన తోట ఇది. అడ్డంగా, నిలువుగా నీటి కాలువలు, అవి కలిసేచోట తామరపువ్వు ఆకారంలో ఫౌంటెన్లు, గుండ్రంగా కత్తిరించిన పొగడ చెట్లు. గులాబీలు మార్చిలోనూ బాగానే ఉన్నాయి. మదర్ థెరిసా, అర్జున్, భీమ్ అని రకాలకు పేర్లు కూడా ఉన్నాయి. గులాబీల కోసమైతే మార్చిలోనూ వెళ్లొచ్చు. ట్యులిప్‌లే కావాలంటే ఫిబ్రవరి రెండో సగం దాటనివ్వకండి. ఈమధ్య ఆగస్టు నడిమి నుంచి ఓ నెలపాటు కూడా తెరుస్తున్నారు. అప్పుడుండేవి ఎండల్ని, వానల్ని తట్టుకునే సీజన్ పూలు. ఆ ట్రిప్పుకీ ఎవరైనా ట్యులిప్ ఫొటో చూపిస్తే అక్కడే లేచి వచ్చేయండి.

సోమవారం సెలవు, హోలీ రోజు కూడా మూసేస్తారు. కాబట్టి “డే 2: గార్డెన్” అని రాసిస్తే ఒప్పుకోకండి, తేదీ వేయించుకోండి. ఫోన్, పర్సు, నీళ్ల సీసా, పసిపిల్లల పాలసీసా తీసుకెళ్లొచ్చు. కెమెరాలు, తినుబండారాలు వద్దంటారు.

ఏజెంట్లు తెలివిగా కలిపేసేది ఇంకోటుంది. రాష్ట్రపతి భవన్ ప్రధాన భవనం లోపల చూడాలంటే, మ్యూజియం చూడాలంటే రుసుము ఉంది. మన బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికీ ఉంది. ఆ రసీదు చూపించి “చూశారా, ఫీజు ఉంది కదా” అంటారు. అమృత్ ఉద్యాన్‌కు లేదు, అది గుర్తుంచుకోండి. దేనికెంతో విడివిడిగా వాట్సాప్‌లో రాయించుకుని, ఆ తర్వాతే డబ్బు పంపండి.

మా ఏజెంట్ ప్రస్తుతం మనిషికి 300 వెనక్కిస్తానని బేరానికి దిగాడు. నేను ఒప్పుకోలేదు. బ్రోచర్, పేమెంట్ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే బిల్లులు పారేయకండి, మీరూ ఫిర్యాదు చేయండి.