స్ట్రేంజర్ థింగ్స్ చూడాలని "499కే ఏడాది ప్రీమియం" కొంటున్నారా? ఆగండి

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ స్ట్రేంజర్ థింగ్స్ ఆఖరి సీజన్ మొదలైన దగ్గర్నుంచి వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్: "నెట్‌ఫ్లిక్స్ ప్రీమియం, ఏడాదికి 499 మాత్రమే". కొనకండి. మన దేశంలో నెట్‌ఫ్లిక్స్ అసలు ఏడాది ప్లానే అమ్మదు. నెలనెలా కట్టాల్సిందే: మొబైల్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649. ప్రీమియం పన్నెండు నెలలకు 7,788 రూపాయలు. దాన్ని ఎవడైనా 499కి ఇస్తానంటున్నాడంటే తన సొంత సొమ్ము ఇవ్వడం లేదన్నమాటే.

వాడు అమ్మేది ఎవరిదో ఖాతాలో ఒక ప్రొఫైల్, దానికో పిన్. ఖాతాకు గరిష్ఠంగా ఐదు ప్రొఫైళ్లు, ఒకేసారి చూడగలిగేది నాలుగు స్క్రీన్లు. ఒకే ప్రొఫైల్‌ను పదిమందికి అంటగడతారు కాబట్టి శనివారం రాత్రి ప్లే నొక్కగానే స్క్రీన్లు నిండిపోయాయని వస్తుంది. కొన్ని ఖాతాలైతే దొంగిలించినవే. అసలు యజమాని పాస్‌వర్డ్ మార్చి అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ కొడితే మీ ఏడాది ఆ క్షణమే అయిపోయినట్టు.

టీవీలో చూసేవాళ్లకు ఇంకో చిక్కు. 2023 జులై నుంచి ఇక్కడ ఒక ఖాతా ఒక ఇంటికే. ఐపీ అడ్రస్, పరికరం ఐడీ చూసి నెట్‌ఫ్లిక్స్ మీ టీవీ ఆ ఇంటిది కాదని పసిగట్టి కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ యజమాని మెయిల్‌కో ఫోన్‌కో వెళ్తుంది, 15 నిమిషాలే పనిచేస్తుంది. అమ్మినవాడు మొదటి వారం పంపుతాడు, తర్వాత బ్లాక్ చేస్తాడు. "ఎక్స్‌ట్రా మెంబర్ స్లాట్ ఇస్తాం" అన్నా నమ్మకండి, మన దేశంలో ఆ సదుపాయమే లేదు. ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌లో కాకుండా బయట నుంచి వేసుకునే యాప్) పంపి ఇన్‌స్టాల్ చేసుకోమంటే అసలు ముట్టుకోవద్దు. సినిమా చూపించే యాప్ మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడగడమేంటి? అది కావాల్సింది ఓటీపీల కోసమే.

ఇక సరైన దారిలో కొన్నవాళ్లూ బోల్తా పడే చోటు ఒకటుంది. 149 ప్లాన్ ఫోన్, ట్యాబ్‌లకే, అదీ 480పీ, అంటే తక్కువ స్పష్టతలో. ఫోన్ నుంచి టీవీకి కాస్ట్ కూడా కాదు. జియో 1,299 రీఛార్జ్‌తో వచ్చేది ఈ మొబైల్ ప్లానే. టీవీలో చూడాలంటే బేసిక్ ఇచ్చే 1,799 రీఛార్జ్ ఉండాలి.

వేరే సిరీస్‌కైతే 480పీతో సర్దుకోవచ్చేమో గానీ దీనికి కుదరదు. ఈ కథలోని భూతాల లోకం అప్‌సైడ్ డౌన్ సీన్లన్నీ చీకటి, పొగమంచు, గాల్లో తేలే నుసి, మధ్యలో ఎర్రటి మెరుపులు. వీడియో కంప్రెషన్‌కు ఇంతకన్నా కఠిన పరీక్ష ఉండదు. తక్కువ డేటాలో చీకటి ఛాయలన్నీ కలిసిపోయి నల్లటి గళ్లుగా మారతాయి. అందులోని రాక్షసి డెమోగోర్గాన్ ఎటునుంచి వచ్చిందో కూడా తెలియకపోతే ఇక భయమేం వేస్తుంది? ఎనిమిది ఎపిసోడ్లూ వచ్చేశాయి, చివరిది రెండు గంటలు దాటుతుంది. స్టాండర్డ్ ఒక్క నెల తీసుకుని, కట్టిన రోజే క్యాన్సిల్ నొక్కేయండి. నెల పూర్తయ్యేదాకా చూడొచ్చు, మళ్లీ డబ్బు కట్ కాదు.

టీవీలో వివిడ్ మోడ్, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్ ఆపేయండి. సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన రాస్ డఫర్ కూడా ప్రేక్షకులకు చెప్పింది ఇదే. తెలుగు ఆడియో ఉంది. జాబితాలో కనిపించకపోతే ప్రొఫైల్ సెట్టింగుల్లోని భాషల్లో తెలుగు టిక్ పెట్టి చూడండి. అమెరికాలో అమ్మానాన్నలకు పెట్టిచ్చేవాళ్లకు ఇది ముఖ్యంగా పనికొస్తుంది.

ఇంతకీ సిరీస్ డబ్బుకు తగ్గట్టుందా అంటే, పాత సీజన్లు చూసినవాళ్లకు ఉంది. కథ 1987లో, సైన్యం దిగ్బంధించిన హాకిన్స్ అనే ఊళ్లో. మొదటి రెండు ఎపిసోడ్లు జట్లను కూడగట్టడానికే ఎక్కువ సమయం తీసుకుంటాయి, ఊపు అందుకునేది నాలుగో ఎపిసోడ్‌లో. నేరుగా ఇక్కడ మొదలుపెడితే మాత్రం డబ్బు దండగే, కనీసం నాలుగో సీజన్ చూసి రండి. రెండో సీజన్ చూడకుండా వదిలేసినవాళ్లకు నాలుగో ఎపిసోడ్ చివర్లో ఒక ముఖం చూసి "ఎవరీమె?" అనిపిస్తుంది.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు పంపేసి ఉంటే చాట్ చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబరు దాచుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. "రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది రెండో దోపిడీ. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. వాడిచ్చిన ఏపీకే వేసి ఉంటే ముందు ఫోన్‌లో నెట్ ఆపి యాప్ తీసేయండి, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచి మార్చండి.