బరువు తగ్గినా బలం తగ్గని డౌన్‌హిల్ సైకిల్: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

కొండ దిగడానికే చేసిన నా డౌన్‌హిల్ సైకిల్ మొదట్లో పెడళ్లతో కలిపి 17 కిలోలు తూగేది. ఇప్పుడు 16.1 కిలోలు. కొన్ని సీజన్లుగా కెనడాలోని విస్లర్ బైక్ పార్కులో ఈ బరువుతోనే నడుపుతున్నాను. ఫ్రేము అదే, ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే ఫోర్కూ అదే. తగ్గింది 900 గ్రాములే కదా అనిపించొచ్చు. 14 కిలోలకు తెచ్చామని తూకం ఫొటోలు పెట్టేవాళ్లు ఉన్నారు. అలాంటి సైకిల్ విస్లర్‌లో ఒక వేసవంతా నిలబడుతుందంటే నేను నమ్మను. కొండ దిగేటప్పుడు ఏ పనీ చెయ్యని బరువు ఎక్కడుందో వెతికి తీసెయ్యాలి, దెబ్బ తినే భాగాన్ని పల్చన చెయ్యకూడదు. నేను పాటించిన లెక్క ఇంతే.

ముందు ఈ సైకిల్ ఎక్కడ తిరుగుతుందో చెప్పాలి. వాంకూవర్ నుంచి సీ టు స్కై హైవే మీద 120 కిలోమీటర్లు వెళ్తే విస్లర్. మే నెల మధ్య నుంచి అక్టోబరు దాకా పార్కు తెరిచి ఉంటుంది. సైకిల్ని లిఫ్టుకు తగిలించి పైకి వెళ్లి, దిగి, మళ్లీ లిఫ్టెక్కడం. టాప్ ఆఫ్ ద వరల్డ్ దారిలో శిఖరం నుంచి ఊరిదాకా వస్తే దాదాపు 1,500 మీటర్ల ఎత్తు దిగినట్టు. ఏ-లైన్ లాంటి జంపుల దారి చూడ్డానికి నున్నగా ఉంటుంది కానీ, ఆగస్టు వచ్చేసరికి ప్రతి మలుపుకు ముందూ అందరూ బ్రేకులు నొక్కీ నొక్కీ నేల గతుకులు పడి, చేతులు జివ్వుమంటాయి. పార్కులోనే గర్బాంజో అనే వైపు వెళ్తే తడి వేళ్లు, అంచున్న రాళ్లు. నా బరువు 72 కిలోలు. హెల్మెట్, ప్యాడ్లు, సైకిలూ కలిపితే 95 కిలోల దాకా కొండ మీంచి జారుతున్నట్టు లెక్క. అందులో ఒక కిలో తగ్గితే మొత్తం మీద ఒక శాతమే. కాబట్టి ఎంత తగ్గించామన్నదాని కన్నా ఎక్కడ తగ్గించామన్నదే నాకు ముఖ్యం.

ఫ్రేము శాంటా క్రూజ్ కంపెనీ వీ10, కార్బన్ ఫైబర్‌ది. ముందు 29, వెనక 27.5 అంగుళాల చక్రాలు. ఫోర్కు 200 మిల్లీమీటర్ల రాక్‌షాక్స్ బాక్సర్, 38 మిల్లీమీటర్ల గొట్టాలున్నది. ఈ రెండిట్లో నేను వేలు పెట్టలేదు. ఫ్రేము కింద గొట్టానికి ఉండే రబ్బరు కవచం తీసేస్తే కొన్ని గ్రాములు మిగులుతాయని ఎవరో సలహా ఇచ్చారు. దాని మీద రాళ్లు గీసిన చారలు చూస్తే ఆ మాట ఎవరూ అనరు.

ఎక్కడ తగ్గించాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఆస్ట్రియాలోని లియోగాంగ్ ప్రపంచ కప్ ట్రాక్ మీదే ఉంది. 2014లో అక్కడ అమెరికన్ డౌన్‌హిల్ రేసర్ ఆరన్ గ్విన్ వెనక టైరు పోయింది, చివరికి ఉత్త రిమ్ము మీద కిందికి వచ్చాడు. మరుసటి ఏడు, 2015లో, అదే కొండ మీద స్టార్ట్ గేటు దాటీ దాటగానే అతని చైను తెగింది. ఒక్క పెడలు తొక్కకుండా దిగి ఆ రేసు గెలిచాడు. మనిషి అతనే, కొండ అదే. చైను లేకపోయినా గెలవొచ్చు, టైరు లేకపోతే మాత్రం గెలుపు మాటే ఉండదు. నేను గ్రాములు తగ్గించడం గేర్ల దగ్గర మొదలుపెట్టి టైర్ల దగ్గర ఆపడానికి కారణం ఇదే.

గేర్లు: పాత పది గేర్ల క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) తీసేసి స్రామ్ ఎక్స్01 డీహెచ్ ఏడు గేర్లది వేశాను. 10 నుంచి 24 పళ్లు. కంపెనీ లెక్క ప్రకారం క్యాసెట్ బరువు 136 గ్రాములు. చైను పొట్టిదైంది, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డిరైలరూ చిన్నదైంది. అన్నీ కలిపి 300 గ్రాములు తగ్గాయి. ఆ 300లో ఎక్కువ భాగం వెనక చక్రం దగ్గరిది, అంటే సస్పెన్షన్‌కి కింద వేలాడే బరువు. చక్రం రాయి ఎక్కి మళ్లీ నేలను అందుకోవాలంటే స్ప్రింగు ఈ బరువునే కిందికి తొయ్యాలి. అది తగ్గితే చక్రం త్వరగా నేలకు దిగుతుంది. బ్రేకు గతుకుల మీద తేడా మొదటి రోజే తెలిసింది, వెనక చక్రం ఎగిరెగిరి పడటం తగ్గింది. ఖరీదు మాత్రం ఎక్కువే. వెనక హబ్బుకి ఈ క్యాసెట్ పట్టే ఎక్స్‌డీ డ్రైవర్ అనే భాగం ఉండాలి, లేకపోతే అదీ కొనాలి. అయినా పెట్టిన డబ్బుకి దక్కిన ఫలితంలో దీన్నే ముందు నిలబెడతాను.

ఇదే లెక్కలో ఇంకో సంగతి. ఫ్రేము ఎంత తేలికైతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. గరుకు దారిలో అది నిజం కాదు. పైన ఉండే బరువుకి, కింద చక్రాల బరువుకి మధ్య తేడా ఎంత ఉంటే సస్పెన్షన్ అంత బాగా పనిచేస్తుంది. ప్రపంచ కప్ రేసర్లలో కొందరు సైకిల్ కుదురుగా ఉండాలని ఫ్రేము అడుగున, పెడళ్ల ఇరుసు దగ్గర, కావాలని బరువు చేర్చి చూశారు కూడా. అందుకే ఇంకా తేలికైన ఫ్రేము కోసం వెతకడం నేను పూర్తిగా మానేశాను.

టైర్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ సైకిళ్లు పాడయ్యేది ఇక్కడే. మ్యాక్సిస్ కంపెనీ టైర్లలో డీహెచ్ (డౌన్‌హిల్) రకం అంటే 60 టీపీఐ, అంటే అంగుళానికి 60 దారాల గుడ్డ, రెండు పొరలు. డబుల్‌డౌన్ కూడా రెండు పొరలే, కానీ 120 టీపీఐ సన్నని నేత, కాబట్టి కొంచెం తేలిక. ఎక్సో ఒకే పొర. బరువు తగ్గించాలనుకునే ప్రతివాడి కన్నూ ముందు ఎక్సో మీదే పడుతుంది. పార్కులో దాన్ని వెనక చక్రానికి వెయ్యొద్దు. రాయి అంచు తగిలితే టైరు రిమ్ముకి నొక్కుకుని, పాము కాటులా రెండు చోట్ల తెగుతుంది. నేను వెనక మినియన్ డీహెచ్ఆర్ 2 మోడల్ డీహెచ్ రకంలో ఉంచాను, ముందు మాత్రం అసెగై మోడల్ డబుల్‌డౌన్ రకంలో. ముందు చక్రం మీద బరువు తక్కువ పడుతుంది, పైగా దాన్ని ఎటు పోనివ్వాలో మన చేతుల్లో ఉంటుంది. ఈ మార్పుతో ముందు 110 గ్రాములు తగ్గాయి, ఇప్పటిదాకా ముందు టైరు తెగలేదు.

ట్యూబులు తీసేసి టైర్లలో చిల్లులు పూడ్చే ద్రవం, సీలెంట్, పోయడంతో రెండు చక్రాలకూ కలిపి 350 గ్రాములు పోయాయి. అందులోంచి 250 గ్రాములు తిరిగి వెనక చక్రంలోకే పెట్టాను, టైరు లోపల రిమ్ముకి అడ్డంగా ఉండే ఫోమ్ ఇన్సర్ట్ రూపంలో. తగ్గించింది మళ్లీ చేర్చడమేంటని అడుగుతారు. ఇన్సర్ట్ ఉంది కాబట్టే వెనక 27 పీఎస్ఐ గాలి ఒత్తిడితో నడపగలుగుతున్నాను, ముందు 24. గాలి ఎక్కువ కొడితే టైరు భద్రంగా ఉంటుంది కానీ తడి వేళ్ల మీద పట్టు పోతుంది. పట్టు లేని చోట 250 గ్రాములు తక్కువుండి ఏం లాభం?

చక్రాలు డీటీ స్విస్ ఈఎక్స్ 511 రిమ్ములు, 32 స్పోకులు, మధ్యలో సన్నబడే 2.0/1.8 రకం. స్పోకుల్ని రిమ్ముకి బిగించే నిపుల్స్ ఇత్తడివే వేయించాను. అల్యూమినియం నిపుల్స్ వేస్తే కొన్ని గ్రాములు మిగులుతాయి, కానీ సీలెంటూ వాననీళ్లూ కలిసిన చోట అవి తుప్పు పట్టి, తిప్పబోతే విరుగుతాయి. సాయంత్రం సైకిల్ కడిగాక స్పోకులు రెండేసి చొప్పున వేళ్ల మధ్య నొక్కుకుంటూ చక్రం చుట్టూ వస్తాను. బిగువుగా ఉన్నవి అస్సలు కదలవు. వదులైంది చేతికి మెత్తగా తగులుతుంది, గోటితో మీటితే టింగుమనకుండా మొద్దుగా మోగుతుంది. దాన్ని అప్పటికప్పుడే బిగించాలి. ఒక్కటి వదులైనా ఆ భారం పక్కవాటి మీద పడుతుంది, రెండు రోజుల్లో రిమ్ము వంకర తిరుగుతుంది. వెనక రిమ్ము అంచుకి సొట్టలు పడటం మామూలే. గుడ్డ అడ్డం పెట్టి, అడ్జస్టబుల్ స్పానర్‌తో కొద్దికొద్దిగా వంచితే మళ్లీ గాలి పడుతుంది. కార్బన్ రిమ్ము పగిలితే ఈ అవకాశం ఉండదు. నాకు అల్యూమినియమే ఇష్టం కావడానికి ధర కన్నా పెద్ద కారణం ఇది.

వెనక కుదుపులు మింగే షాక్‌ని స్ప్రింగుది కాకుండా గాలి రకం వాడితే 400 గ్రాములు తగ్గేవి. స్నేహితుడి దగ్గర తెచ్చుకుని చూశాను. పైభాగంలో హాయిగా ఉంది. సగం దిగాక వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగి, తిరిగి లేచే వేగం మారిపోయింది. పొడుగు దారులకు నాకు స్ప్రింగే కావాలి. మామూలు స్ప్రింగు బదులు ఫాక్స్ ఎస్ఎల్ఎస్ తేలికపాటి స్టీలు స్ప్రింగు వేసి 140 గ్రాములు తగ్గించడంతో సరిపెట్టుకున్నాను.

బ్రేకుల్లో ఒక్క గ్రాము కూడా తియ్యలేదు. 95 కిలోలు వెయ్యి మీటర్లు దిగితే 9 లక్షల జౌళ్ల పైన శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. గాలికీ టైర్లకూ పోగా పెద్ద వాటా డిస్కుల్లో వేడిగా మారుతుంది. ముందు 220, వెనక 200 మిల్లీమీటర్ల డిస్కులు, రెండూ 2 మిల్లీమీటర్ల మందం. చిల్లులు ఎక్కువున్న తేలిక డిస్కులు ఫొటోల్లో అందంగా ఉంటాయి, అంతే.

సీటు మీద కూర్చునేదే తక్కువ కాబట్టి అక్కడ ధైర్యంగా కోశాను. సీటు గొట్టం పొట్టిది, ఫ్రేములో ఉండాల్సిన కనీస లోతు వదిలి మిగిలింది కోయించాను. టైటానియం పట్టీల చిన్న సీటు. రెండూ కలిపి 220 గ్రాములు తగ్గాయి. టైటానియం బోల్టుల మీద డబ్బు పెట్టలేదు, అన్నీ మార్చినా వచ్చేది పిడికెడు గ్రాములే.

కర్నూలులో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్‌లో చూసి, "అన్నా, ఇంత ఖర్చు పెట్టి హ్యాండిల్ మాత్రం అల్యూమినియందేంటి?" అన్నాడు. పడ్డప్పుడు అల్యూమినియం వంగి కనిపిస్తుంది, మార్చేస్తాం. కార్బన్ మీద గీత పడితే అది పైపైదో లోపలిదో చూసి చెప్పలేం. 90 గ్రాముల కోసం జంపు మీద ఆ టెన్షన్ నాకొద్దు. పెడళ్లు బిగించే చేతులు, క్రాంకుల, విషయంలోనూ అంతే. పేరున్న కంపెనీ కార్బన్ క్రాంకులే కొన్నాను. ఒక సీజన్ తిరక్కుండానే పెడలు బిగించే లోహపు మరల ముక్క కార్బన్‌లోంచి వదులై కదలడం మొదలైంది. వారంటీ కింద మార్చడానికి వారాలు తిప్పించుకున్నారు, వేసవి వాళ్ల కోసం ఆగుతుందా! ఇప్పుడు 165 మిల్లీమీటర్ల అల్యూమినియం క్రాంకులు, వాటితో ఏ గొడవా లేదు.

ఖర్చు తక్కువలో చెయ్యాలంటే ట్యూబులు తీసెయ్యడం, సీటు గొట్టం కోయడం చాలు, సగం పైగా బరువు అక్కడే తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు వెళ్లేవాళ్లు కొందరు ఇలాంటి సైకిల్ గురించి అడుగుతుంటారు. లిఫ్టు లేని చోట ఇది వద్దు. ఎంత తేలిక చేసినా దీన్ని ఎత్తు తొక్కుకుంటూ వెళ్లలేరు. ఆ డబ్బుకి ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చే మంచి ట్రెయిల్ సైకిల్ వస్తుంది.

ఫోర్కు కింది భాగం 50 గంటలకోసారి విప్పి నూనె మార్చమని కంపెనీ చెబుతుంది, నేను అంతకన్నా ముందే చేస్తాను. ఈసారి పార్కు తెరిచేలోపు ఫ్రేము కీళ్ల బేరింగులు మార్చాలి. శాంటా క్రూజ్ మొదటి యజమానికి అవి ఉచితంగానే ఇస్తుంది. వెనక రిమ్ముకి సొట్టలు మరీ ఎక్కువయ్యాయి, కొత్తది తెప్పించాను. మళ్లీ అదే మోడల్, అవే 32 స్పోకులు.