మయోనైజ్‌కు బదులు ఏది? సీసాలు, డబ్బాలు, గుడ్డలో కట్టిన పెరుగు

నెల్లూరు సూపర్‌మార్కెట్లలో మయోనైజ్ సీసాల పక్కనే ‘గుడ్డు లేనిది’, ‘కొవ్వు తక్కువ’ అన్న లేబుళ్లతో మరికొన్ని సీసాలు, ఫ్రిజ్ అరల్లో గ్రీకు పెరుగు, హమ్మస్ అనే శనగల ముద్ద డబ్బాలు కనిపిస్తున్నాయి. ఇంట్లో శాండ్‌విచ్‌లకూ సలాడ్లకూ వీటిని ఒక్కొక్కటిగా వాడి చూశాక, నా మొగ్గు గుడ్డలో కట్టి నీరు వడగట్టిన పెరుగు వైపే ఉందని ముందుగానే చెబుతున్నాను.

నూనెను, వెనిగర్‌ను గుడ్డు పచ్చసొనతో కలిపి చిలికితే మయోనైజ్ తయారవుతుంది; పచ్చసొనలోని లెసిథిన్ ఆ రెండూ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. సంప్రదాయ పద్ధతిలో చేసినదానిలో దాదాపు మూడింట రెండు వంతులో, అంతకన్నా ఎక్కువో నూనే కనుక ఒక టేబుల్ స్పూనుకు 90 నుంచి 100 కేలరీలు ఉంటాయి, పైగా శాండ్‌విచ్‌కు ఒక్క స్పూనుతో ఆగేవారు అరుదు. పచ్చి గుడ్డుతో చేసినదానిలో సాల్మొనెల్లా అనే హానికర బ్యాక్టీరియా ప్రమాదం కూడా ఉండడం వల్ల తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో దాన్ని ఏడాదిపాటు నిషేధించాయి. అప్పటి నుంచి గుడ్డు లేని సీసా కొంటే ఆరోగ్యమేనన్న నమ్మకం మన వైపు కూడా వినిపిస్తోంది. గుడ్డు తీసేస్తే తగ్గేది పచ్చి గుడ్డు వల్ల వచ్చే ప్రమాదమే గాని నూనె కాదు. లేబుల్‌పై పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన కాబట్టి, మొదటి పేరు ఏమిటో చూస్తే సంగతి తెలిసిపోతుంది. ‘కొవ్వు తక్కువ’ రకాల్లో నూనె తగ్గిన మేరకు నీరు, పిండిపదార్థం, పంచదార వచ్చి చేరుతుంటాయి. నేను కొన్న సీసాలోని తీపిదనం కీరదోస రుచిని పూర్తిగా మింగేసింది.

పెరుగు విషయానికి వస్తే, మన ఇళ్లలో తోడుపెట్టే గేదె పెరుగు ఈ పనికి చక్కగా సరిపోతుంది. పలుచటి నూలు గుడ్డలో కట్టి, జల్లెడ మీద ఉంచి, కింద గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేస్తే తెల్లవారేసరికి దాదాపు సగం బరువుకు తగ్గి, చాకుతో రొట్టెకు పూసేంత గట్టిపడుతుంది. మన ఎండలకు బయట వేలాడదీస్తే మాత్రం నీరు దిగేలోపే పులిసిపోతుంది. దానిలో ఆవపిండి, మిరియాలపొడి, నూరిన వెల్లుల్లి, ఉప్పు, కొద్దిగా నిమ్మరసం కలపాలి. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు దొరికే చోట సీసా వెనిగర్ కొనవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఆవపిండిని వదలకూడదు, మయోనైజ్‌లో మనకు నచ్చే ఘాటులో చాలా భాగం ఆవాలదే. గేదె పెరుగులో కొవ్వు లేకపోలేదు, అయినా మయోనైజ్‌తో పోలిస్తే అది చాలా తక్కువ, పైగా మాంసకృత్తులు అదనం. దీనిలోని లోపం తడి: రొట్టెను పెనం మీద నూనె లేకుండా కాల్చి, టమాటా గింజలు తీసేసి, కూరగాయలకు ఉప్పు చివర్లో చల్లకపోతే శాండ్‌విచ్ అరగంటలో మెత్తబడుతుంది.

డబ్బాలో వచ్చే గ్రీకు పెరుగు కూడా ఇలా వడగట్టినదే గనుక సమయం లేనివారికి ఉపయోగమే, ధర మాత్రం ఎక్కువ; తియ్యనిదే ఎంచుకోవాలి. హమ్మస్ ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్దతో చేసేది కనుక పీచు, మాంసకృత్తులు ఉంటాయి, కాల్చిన వంకాయ ముక్కలతో బాగా కుదురుతుంది. అవకాడో రుచికి వంక పెట్టనక్కరలేదు, కానీ కోసిన కాసేపటికే నల్లబడుతుంది.

సలాడ్‌కు మాత్రం నేను పెరుగు కన్నా నువ్వులకే ఓటు వేస్తాను. దోరగా వేయించిన నువ్వులను మెత్తగా నూరి, నిమ్మరసం, ఉప్పు, నీళ్లు పోసి జారుగా కలిపితే క్యాబేజీ, క్యారెట్ తురుముకు చక్కగా పట్టుకుంటుంది. నువ్వుల ముద్దలో కేలరీలు స్పూనుకు స్పూను లెక్కన మయోనైజ్‌కు దగ్గరగానే ఉంటాయి, అయితే నీళ్లతో పలచబడుతుంది కాబట్టి తక్కువతో సరిపోతుంది, కాల్షియం కూడా అందుతుంది.

పెరుగు మిశ్రమాన్ని ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో వాడేయడం మంచిది. రోహిణీ కార్తెలో పిల్లల డబ్బాలో మధ్యాహ్నం దాకా ఉండవలసిన శాండ్‌విచ్‌కు పెరుగూ, హమ్మస్సూ రెండూ తగవు. నీరు కలపని వేరుశనగ ముద్దే పూసి పంపాలి.