నాన్న హార్మోన్ ఇంజెక్షన్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ఫిజియోథెరపీ సెంటర్

మా నాన్నకి 71. పోయినేడాది ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, రేడియేషన్‌తో పాటు మూడు నెలలకోసారి హార్మోన్ తగ్గించే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆ హాస్పిటల్ పేరు రాయను, వైద్యం మీద కంప్లైంట్ లేదు, పీఎస్ఏ (ఈ క్యాన్సర్ ఎలా ఉందో చూసే రక్తపరీక్ష) బాగా దిగింది. కానీ బిల్లు కౌంటర్ దగ్గర గంట, ఇంజెక్షన్‌కి రెండు నిమిషాలు, మళ్లీ మూడు నెలలకి రండి, అంతే. ఇంటికెళ్లాక ఏమవుతుందో ఒక్కళ్లు చెప్పలేదు.

డిసెంబర్‌లో మేమంతా రగ్గులు కప్పుకుని పడుకుంటే నాన్న రాత్రి రెండింటికి లేచి ఫ్యాన్ ఐదులో పెట్టుకుని కూర్చునేవారు, బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉండేది, అమ్మ జ్వరమేమో అని నుదురు పట్టుకు చూసేది. రైతుబజార్ నుంచి రెండు సంచులు అలవోకగా తెచ్చే మనిషి మధ్యలో దించి నిలబడిపోవడం మొదలైంది. వయసు కదా అనుకున్నాం.

నడుం నొప్పి అంటే ఈ సెంటర్‌కి తీసుకొచ్చాం. ఇక్కడి మేడమ్ ఫైల్ అంతా చదివి, ఆ రోజు ఒక్క ఎక్సర్‌సైజ్ కూడా చేయించలేదు. "ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకి నడుం నొప్పి వస్తే ముందు ఎముకల్లోకి పాకిందేమో చూడాలి అంకుల్, డాక్టర్‌కి చూపించి రండి, కాళ్లలో బలం తగ్గినా మూత్రం ఆగినా మాత్రం అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లిపోండి" అన్నారు. ఆ ఒక్క మాటకే ఐదు స్టార్లు. స్కాన్‌లో పాకలేదని తేలింది, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో మాత్రం ఎముకలు బాగా పలచబడ్డాయని వచ్చింది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు, ఈ ఇంజెక్షన్ టెస్టోస్టిరాన్‌ని, అంటే మగ హార్మోన్‌ని, దాదాపు ఆపేస్తుంది, క్యాన్సర్‌కి తిండి అదే, కానీ కండకి, ఎముకకి కూడా అదే కావాలి, అందుకే నీరసం, పొట్ట పెరగడం, షుగర్ ఎక్కడం, ఊరికే కళ్లలో నీళ్లు తిరగడం. రాత్రి చెమటల సంగతి వినగానే అమ్మ "అయ్యో, ఇవి నాకు ముట్లాగినప్పుడు వచ్చిన ఆవిర్లే కదా" అంది. నాన్న మమ్మల్ని బయటికి పంపి ఇంకేదో అడిగారు, ఛాతీ దగ్గర ముట్టుకుంటే నొప్పి అని ఆటోలో నాకు చెప్పారు, "నాకొక్కడికే కాదంటరా" అంటుంటే మొహం ఎంత తేలికపడిందో. మొదట్లో ఇచ్చిన బైకాలుటమైడ్ మాత్రలతో (ఇవీ ఆ హార్మోన్‌ని అడ్డుకునేవే) కూడా ఇలా అవుతుందట. ఇన్నాళ్లూ ఒక్కడే దాచుకున్నాడు.

హార్మోన్ తగ్గిస్తే ఈ క్యాన్సర్ లొంగుతుందని 1941లోనే చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టర్ చూపించారు, 1966లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఇంత పాత వైద్యానికి, ఏమేం జరగొచ్చో తెలుగులో ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టడం అంత కష్టమా? నాకు నిజంగా కోపమొచ్చింది.

ఇప్పుడు వారానికి మూడు రోజులు వస్తున్నాం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి చేతులు పెట్టి నెట్టడం, రబ్బర్ బ్యాండ్ లాగడం, ఎముకలు పలచన కాబట్టి వంగి బరువులెత్తడం బంద్. డాక్టర్ కాల్షియం, విటమిన్ డి కూడా రాశారు. రెండు నెలలకి నాన్న ఒక సంచి మోస్తున్నారు, ఆవిర్లు మాత్రం ఉన్నాయి, ఇంజెక్షన్ నడిచినన్నాళ్లు ఉండొచ్చన్నారు.

లోపాలు కూడా రాస్తున్నా. మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే. పార్కింగ్ అసలు లేదు, మెట్రోలో రావడమే మేలు. రసీదు అడిగితేనే ఇస్తారు. సాయంత్రం ఆరు తర్వాత రష్, పొద్దున ఏడింటికి వస్తే మేడమ్ తీరిగ్గా మాట్లాడతారు.